చక్రం మీద నేర్చిన ఇంగ్లీషు

ఆ ఎండాకాలం మా చెల్లెలు చక్రం తిప్పుతూ ఇంగ్లీషు నేర్చుకుంది. నేను వెనక్కి నడుస్తూ విన్నాను.

మాది తాళ్ళు పేనే ఇల్లు. పెరటి తలుపు తీస్తే నూట అరవై అడుగుల పొడుగున రేకుల పందిరి. ఈ కొసన చక్రం, ఆ కొసన గోడ. ఒకరు చక్రం తిప్పాలి. ఇంకొకరు నడుముకు నార చుట్టుకుని, దాని కొస చక్రం కొక్కేనికి తగిలించి, వేళ్ళ సందులోంచి నార వదులుతూ వెనక్కి నడవాలి. చక్రం తిరిగినకొద్దీ నారకు పురి ఎక్కి పేట అవుతుంది. నడిచేవాడి ముఖం చక్రం వైపే ఉంటుంది. అందుకని ఇరవై ఏళ్ళుగా, రోజుకు ముప్పై నలభై సార్లు, మా చెల్లెలు నా కళ్ళముందు చిన్నదవుతూ పోయేది. కొత్త పేట మొదలుపెట్టడానికి తిరిగి వస్తే మళ్ళీ పెద్దదయ్యేది.

పనిలో మాటలుండవు. చక్రం దగ్గరున్న మనిషి చుట్లు లెక్కపెట్టాలి. మాట కలిస్తే లెక్క పోతుంది. ఏదన్నా చెప్పాలంటే తాడే చెబుతుంది. ఒకసారి లాగితే మెల్లగా తిప్పమని, రెండుసార్లు లాగితే ఆపమని. నాకీ పద్ధతి బాగా నప్పింది. పెళ్ళయిన కొత్తలో నేను తన చెయ్యి రెండుసార్లు లాగితే ఎందుకో తెలియక బెదిరిపోయానని మా ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

చెల్లెలికి ముప్పై దగ్గరపడుతున్నాయి. అంతకుముందు ఏడాది రేవు ఆఫీసులో ఉద్యోగం పడితే పరీక్షకు వెళ్ళొచ్చింది. ప్రయాణికుల గదిలో కూర్చుని ఏ లాంచీ ఎప్పుడు కదులుతుందో మైకులో చెప్పడం, పరాయి ఓడల వాళ్ళు వచ్చి అడిగితే జవాబివ్వడం. రాత పరీక్షలో తనదే మొదటి పేరు. నోటి పరీక్షలో పోయింది.

"ముగ్గురు కూర్చున్నారన్నయ్యా. నవ్వుతూనే అడిగారు. వాళ్ళన్న ఒక్కో మాటా నాకు తెలుసు. అన్నీ కలిపితే ఏమంటున్నారో తెలియలేదు," అంది తిరిగొచ్చి. రెండు రోజులు చక్రం చాలా గట్టిగా తిప్పింది. పేటలు బిగుసుకుపోయాయి.

మా వీధి చివర ఓడల మీద ముప్పై ఏళ్ళు వైర్‌లెస్ పనిచేసి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. ఆయన తనకో పుస్తకమిచ్చాడు. ఇంగ్లీషువాళ్ళు రోజూ వాడే నుడికారాలు, వాటి అర్థాలు, ఒక్కోటి ఎక్కడ పుట్టిందో. అట్ట లేదు, మొదటి పేజీలు ఎలుకలు తినేశాయి.

"బడిలో నేర్చింది ఉతికి ఇస్త్రీ చేసిన ఇంగ్లీషమ్మా," అన్నాడట ఆయన. "నోటి ఇంగ్లీషు పనిబట్టల్లో తిరుగుతుంది. ఓడలవాళ్ళు, గుర్రాలవాళ్ళు, నేతగాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు దాంట్లో."

మళ్ళీ పరీక్ష వానలకు ముందు. పగలంతా చక్రం దగ్గరే కాబట్టి పుస్తకాన్ని చక్రం గుంజకు కట్టుకుంది. చుట్లు లెక్కపెట్టడానికి బదులు అవి చదివేది. ఒక నుడికారం, దాని అర్థం, అది పుట్టిన చోటు చెప్పేసరికి సరిగ్గా పన్నెండు చుట్లు. నేను మొదట నమ్మలేదు. పేట చేత్తో నిమిరి చూశాను. పురి ఎక్కడా తప్పలేదు.

నేను ఊరి బళ్ళో చదివినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. నూరడుగులు దాటితే మాట వినిపించేది కాదు, పెదాలు కదలడం కనిపించేది. మళ్ళీ దగ్గరకొచ్చేసరికి ఇంకోటి మొదలై ఉండేది. ఆ వేసవంతా సగం సగం విన్నాను. రాత్రి పడుకుంటే ఆ సగాలు తలలో తిరిగేవి. పగలు గాలి లేదు. రేకులు చిటపటమనేవి. కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు.

మధ్యాహ్నం పని ఆపినప్పుడు మా ఆవిడ నార చిక్కు తీస్తూ కూర్చునేది, చెల్లెలు తెలుగులో చెప్పేది.

"'మనీ ఫర్ ఓల్డ్ రోప్.' పాత తాడుకు డబ్బు. అంటే ఒళ్ళు అలవకుండా వచ్చిన సొమ్మని అర్థమట వదినా."

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. "ఎవడన్నాడు?" అన్నాను.

"పుస్తకంలో ఉంది."

"వాడెప్పుడైనా పాత తాడు విప్పాడా?"

మా ఆవిడ దువ్వెన కిందపెట్టేసింది. "అమ్మో! మీ అన్నయ్య ఒక్క పూటలో రెండు మాటలు! ఏ పేజీయో మడత పెట్టుకో అమ్మాయ్."

పాత తాడు విప్పి నార తీయడం ఎంత పనో నా గోళ్ళు చెబుతాయి. తారు పట్టిన తాడయితే వేలి కొసలు పగిలి రక్తం వస్తుంది. చెల్లెలు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదివింది. ఓడలవాళ్ళు పాత తాడుముక్కలు అమ్ముకోవడంలోంచి వచ్చిందని కొందరంటారట. జైళ్ళలో ఖైదీల చేత శిక్షగా పాత తాళ్ళు విప్పించేవాళ్ళు కదా, అందులోంచి అని కొందరు. ఇదీ అని తేలలేదట.

"ఖైదీలను అడిగితే తేలేది," అన్నాను.

తను పెన్సిల్ తీసి పేజీ అంచున ఏదో రాసింది. తర్వాత చూశాను. 'అన్నయ్య ఒప్పుకోలేదు' అని ఉంది.

అప్పట్నుంచి అదొక ఆట అయింది. తాడు ఊసున్న ప్రతిదీ నాకు వినిపించేది. 'ద బిటర్ ఎండ్' అంటే ఆఖరిదాకా. ఓడ మీద లంగరు మోకు లోపలి కొస కట్టే 'బిట్' అనే గుంజలుంటాయట, ఆ కొస వరకూ వదిలేశారంటే ఇక వదలడానికేమీ లేదని. 'లెర్న్ ద రోప్స్' అంటే పని ఆనుపానులు తెలుసుకోవడం. తెరచాప ఓడలో ఏ తాడు ఏ చాపదో తెలియకపోతే మనిషి పనికిరాడు మరి. రెండింటి పక్కనా 'అన్నయ్య ఒప్పుకున్నాడు' అని రాసుకుంది. తెరచాప బిగించే తాళ్ళు మూడూ గాలికి వదిలేస్తే ఓడ తూలుతుంది కాబట్టి తాగినవాణ్ణి 'త్రీ షీట్స్ ఇన్ ద విండ్' అంటారని చెప్పినప్పుడు మా ఆవిడ, "అయితే క్వారీ మేస్త్రికి నాలుగూ వదిలేశారు," అంది. చెల్లెలు నవ్వి నవ్వి దగ్గింది.

ఏటా మా దగ్గరే మోకులు కొనే ఆ క్వారీ మేస్త్రే వారం తిరక్కుండా వచ్చాడు. ఆ పూట తూలకుండానే వచ్చాడు. రాళ్ళు దింపడానికి పన్నెండు మోకులు కావాలన్నాడు, మూడు పేటలవి, బొటనవేలంత కాదు, మణికట్టంత.

"వానలు పడితే గుంటలోకి దిగలేం. లారీ పంతొమ్మిదో తారీఖు మధ్యాహ్నం వస్తుంది. అయిపోతాయా?"

పరీక్ష కాగితం అప్పటికి నాలుగు రోజులైంది వచ్చి. పంతొమ్మిదో తారీఖు, పదకొండు గంటలకు. అద్దం పక్కన గోడకు గుచ్చి ఉంది. పొద్దున గడ్డం గీసుకుంటూ రోజూ చూస్తున్నాను. మోకుకు మూడు రోజులు పడుతుందని నాకు తెలుసు. వేళ్ళు మడిచి చూడక్కర్లేదు.

"అయిపోతాయి," అన్నాను.

నేనింకేమీ అనుకోలేదని చెప్పుకోను. పద్దెనిమిదికే అవుతాయిలే అనుకున్నాను. అవవని తెలిసి కూడా అనుకున్నాను.

సాయంత్రం చక్రానికి నూనె వేస్తూ చెల్లెలు అడిగింది, "ఎప్పటికిస్తానన్నావు?"

"పంతొమ్మిదికి."

నూనె సీసా మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు, మళ్ళీ తిప్పి పెట్టింది.

ఆ తర్వాత ఆదివారం వైర్‌లెస్ పెద్దాయన, పరీక్షలాగే అడుగుతానని పిలిస్తే ఇద్దరం వెళ్ళాం. ఆయన బల్లకు అటువైపు కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ చూపించాడు. చెల్లెలు కూర్చుంది.

ఆయన ఏదో అడిగాడు. చెల్లెలు నోరు తెరిచింది. మాట రాలేదు.

ఇంకోటి అడిగాడు. తన పెదాలు కదిలాయి, నూరడుగుల దూరంలో కదిలినట్టే. గొంతు లేదు. మెడ దగ్గర చెమట పట్టింది.

"ఇదేమిటమ్మా, మొన్న వాకిట్లో నిలబడి ఇరవై గడగడా చెప్పావు!"

"వస్తాయి తాతగారూ. అన్నీ వచ్చు. ఎందుకో..."

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి తన ఒడి కనిపిస్తోంది. కుడి చెయ్యి పిడికిలి బిగించి, మోకాలి మీద కొంచెం కొంచెంగా గుండ్రంగా తిరుగుతోంది. బల్ల అడ్డం వచ్చి సగంలో ఆగిపోతోంది. అది ఆగినచోటే మాటా ఆగుతోంది.

"లేచి నిలబడు," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"లేచి, చెయ్యి తిప్పు."

తను సిగ్గుపడుతూనే లేచింది. గాలిలో చక్రం తిప్పింది. మూడో చుట్టుకు ఇంగ్లీషు మొదలైంది, ఇక ఆగలేదు. పెద్దాయన నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఓడలో ఒకడుండేవాడు, ఈల వేస్తే గానీ లెక్కలు రావు వాడికి," అన్నాడు. దారిలో వచ్చేటప్పుడు చెల్లెలు నవ్వలేదు. నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. ముందుకు నడిచేవాళ్ళ వీపు చూస్తూ పోవడం నాకు అలవాటు లేదు.

ఎనిమిది మోకులయ్యాయి. తొమ్మిదయ్యాయి. చక్రం దగ్గర చదవడం తగ్గలేదు, కానీ మధ్యాహ్నాలు నాకు వినిపించడం మానేసింది. మా ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. ఒకరోజు భోజనం దగ్గర ఉండబట్టలేక, "ఇవాళ ఏ తాడూ లేదా పుస్తకంలో?" అంది.

"ఒకటుంది వదినా," అంది చెల్లెలు. కంచంలోంచి తలెత్తలేదు. "'ఎట్ ద ఎండ్ ఆఫ్ మై టెదర్' అని. పలుపు కొసకు వచ్చేశానని. మేకు పాతి పశువును కట్టేస్తే పలుపు అందినంతమేరా మేస్తుంది. చుట్టూ అయిపోయాక పచ్చిక కనిపిస్తూనే ఉంటుంది, మెడ సాగదు. ఇక నావల్ల కాదు అనడానికి ఆ మాట అంటారట."

నేను చెయ్యి కడుక్కుంటున్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను, "పలుపు పొడుగెంతో చెప్పాడా?"

"లేదన్నయ్యా. అది కట్టేసినవాళ్ళకు తెలుస్తుంది."

మా ఆవిడ గ్లాసు నింపుతూ నింపుతూ కింద పోసింది.

పంతొమ్మిది వచ్చింది. పదకొండు మోకులు చుట్టలు చుట్టి గోడవారన ఉన్నాయి. పన్నెండోదానికి మూడు పేటలూ సిద్ధం. కలపడమే మిగిలింది. వెలుతురు రాకముందే చెల్లెలు లేచి చక్రం దగ్గర నిలబడింది, పాత బట్టల్లోనే. గోడ మీది కాగితం గోడ మీదే ఉంది.

మోకు కలిపేటప్పుడు మాత్రం మేం ముందుకు నడుస్తాం. మూడు పేటల కొసలూ గోడవైపు ఒకే కొక్కేనికి కట్టి, మూడు గాళ్ళున్న కొయ్యదిమ్మను పేటల మధ్య పట్టుకుని, గోడ దగ్గర్నుంచి చక్రం వైపు రావాలి. వెనకాల మోకు దానంతటది అల్లుకుంటూ వస్తుంది. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆగినచోట బిగువు మారుతుంది, మళ్ళీ ఎంత తిప్పినా సరికాదు. మా నాన్న ఒంట్లో జ్వరం పెట్టుకుని కూడా చక్రం దాకా నడిచాడే గానీ ఆపలేదు.

నడక మొదలుపెట్టాను. గాలి లేదు. చక్రం చప్పుడు తప్ప ఇంకేదీ లేదనుకున్నాను. ముప్పై అడుగులు, నలభై అడుగులు. చెల్లెలు చిన్నగా కనిపిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఇంకొంచెం దగ్గరకొచ్చాక వినిపించింది.

"ఏడు... ఎనిమిది... తొమ్మిది..."

చుట్లు లెక్కపెడుతోంది. ఆ వేసవిలో మొట్టమొదటిసారి. పుస్తకం గుంజకు కట్టే ఉంది, మూసి ఉంది.

"పది... పదకొండు... పన్నెండు..." మళ్ళీ ఒకటి నుంచి.

ఇంకో ఇరవై అడుగులు వేశాను. పందిరి సగానికి వచ్చాను. కొయ్యదిమ్మను చంకలోకి తీసుకుని, పేటలను రెండుసార్లు లాగాను.

చక్రం ఆగింది. తను పిడి వదలకుండా అరిచింది, "ఏమైంది? తెగిందా?"

"లేదు."

"మరి?"

"బస్సెన్నింటికి?"

తను నా వైపు చూసింది. మధ్యలో ఎనభై అడుగులుంటుంది. అంత దూరం నుంచి మొహం సరిగ్గా కనిపించదు, అదే మంచిదైంది.

"ఎనిమిదింటికి," అంది.

లోపల్నుంచి మా ఆవిడ కేక వేసింది. "ఏడుంబావు! బట్టలు మంచం మీద పెట్టా. నిలబడి మాట్లాడుకోవడానికి ఇవాళే దొరికిందా ఇద్దరికీ? బస్సేమన్నా తాడా, లాగితే ఆగడానికి?"

తను పరిగెత్తింది. పిడి వదిలేసిన చక్రం వెనక్కి రెండు చుట్లు తిరగబోయింది. మా ఆవిడ వచ్చి పట్టుకుంది. అంతకుముందు తనెప్పుడూ చక్రం ముట్టుకోలేదు.

"చెప్పండి, ఎటు తిప్పాలి?"

"అటే."

"ఎన్ని?"

నేను జవాబు చెప్పేలోగా వీధి తలుపు చప్పుడైంది.

మధ్యాహ్నం మేస్త్రి లారీతో వచ్చాడు. తాగినా తాగకపోయినా ఆ మనిషి అరచెయ్యి మాత్రం నిక్కచ్చి. ఒక్కో మోకూ కొస నుంచి కొసకు నిమురుకుంటూ పోయాడు. పన్నెండోదాని మధ్యకు వచ్చి ఆగాడు. వెనక్కెళ్ళి మళ్ళీ నిమిరాడు.

"ఇక్కడేమైంది?"

"ఆపాను."

"నువ్వా? ఆపావా?"

"చెల్లెలు బస్సెక్కాలి."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నాకంటే చెప్పావు. పైనుంచి దిగే రాయికి ఎవరు చెబుతారు?" అన్నాడు. కోప్పడలేదు. పదకొండే తీసుకెళ్ళాడు. మరుసటి ఏడు మా వీధికి రాలేదు. ఆ పన్నెండోదాన్ని ఎవరికీ అమ్మలేదు. సగానికి కోసి, బట్టలారేసుకునే దండేలకు పేటలు విప్పేశాను. దానికే పదిరోజులు వేలి కొసలు మండాయి.

పొద్దుగూకేవేళ చెల్లెలు వచ్చింది. చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడింది.

"ఒక్కటీ అడగలేదు వదినా! రెండొందల అరవై నేర్చుకుంటే, ఒక్కటి!"

"అయ్యో! మరేం అడిగారు?"

"లాంచీల వేళలు చదవమన్నారు. కూర్చుంటే నాకు రాదు, నిలబడతానన్నాను. కుర్చీ వీపు మీద చెయ్యి తిప్పుతూ చదివాను. ఆ మధ్యలో కూర్చున్నాయన, పోయినేడు కూడా ఆయనే, చెయ్యి ఎందుకు తిప్పుతావన్నాడు. తాళ్ళు పేనుతామని చెప్పాను. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడాయన, పోయినేడు నీది 'టచ్ అండ్ గో' అన్నాడు. త్రుటిలో తప్పిందని. నేనూరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. అది ఓడల మాట సార్ అన్నాను. లోతులేని చోట ఓడ అడుగు నేలకు తగిలి, ఇరుక్కోకుండా జారిపోతే అలా అంటారట అని చెప్పాను."

"ఏమన్నాడు?"

"పాతికేళ్ళుగా రేవులో కూర్చుని రోజూ ఆ మాట వాడుతున్నాడట. ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎప్పుడూ అనుకోలేదట. పక్కాయన వైపు తిరిగి, ఈ అమ్మాయిని తీసుకోకపోతే మన మాటలు మనకెవరు చెబుతారన్నాడు."

మా ఆవిడ చెల్లెలి తల పట్టుకుని ఊపేసింది. చెల్లెలు వదిన చేతుల్లోంచి నా వైపు చూసింది. "మోకు?" అంది.

"అయిపోయింది," అన్నాను.

గోడవారన ఒక చుట్ట మిగిలి ఉండటం తను చూసింది.

తొలి వాన పడిన వారానికి వెళ్ళింది. రేవు దగ్గరే గది తీసుకుంది. పుస్తకం మర్చిపోయిందో, వదిలేసిందో, గుంజకే ఉంది. జల్లు పడుతుంటే విప్పి లోపలికి తెచ్చాను. తాడు మాటలున్న పేజీలన్నీ అంచులు నలిగాయి. నేను ఒప్పుకున్నవి తొమ్మిది, ఒప్పుకోనివి మూడు. పలుపు పేజీ దగ్గర, 'అన్నయ్య ఎటూ తేల్చలేదు' అని ఉంది. పెన్సిల్ దొరికింది. చెక్కి చాలాసేపు పట్టుకున్నాను. ఏం రాయాలో తోచక మళ్ళీ గూట్లో పెట్టేశాను.

ఇప్పుడు చక్రం మా ఆవిడ తిప్పుతుంది. పనిలో మాట్లాడకూడదని నేను, మాట్లాడకపోతే చెయ్యి తిరగదని తను. పురి కొంచెం వదులే. చిన్న తాళ్ళకు పరవాలేదు.

వానలు వెనకబట్టాక లాంచీలకు కట్టే తాళ్ళు ఒక మోపు వేసుకుని రేవుకు వెళ్ళాను. ప్రయాణికుల గది బయట మోపు దించి చెమట తుడుచుకుంటుంటే, పైన మైకు గూడులోంచి గొంతు వచ్చింది. ఇంగ్లీషు. ఒక్క ముక్క తెలియలేదు. కానీ మూడు మాటలకోసారి చిన్న ఆపు ఉంది, పిడి కిందికెళ్ళి మళ్ళీ పైకొచ్చేంత ఆపు. చుట్టూ జనం పెట్టెలు మోసుకుంటూ పోతున్నారు, ఎవరికీ అది పట్టలేదు. నేను లెక్కపెట్టాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పన్నెండుకు సరిగ్గా ఆగి, ఇంకోటి మొదలైంది.

నా వీపు ఎవరిదో పెట్టెకు తగిలింది.

"వెనకాల మనుషులున్నారు, చూసుకో పెద్దాయనా!"

చూసుకోలేదు. ముఖం ఆ గొంతు వైపే పెట్టి, ఇంకో అడుగు వెనక్కి వేశాను.